వరుసలో అందరికీ చోటు

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మాట్లాడడానికి పిలిచినప్పుడు సంఘం వాళ్లు "చదువు గురించి నాలుగు మాటలు చెప్పండి మేడమ్" అన్నారు. చదువు గురించి మా దగ్గర మీరు ఏటా వింటూనే ఉన్నారు. మీలో సగం మంది మా హాస్టళ్లలో తిని, మా చేత తిట్లు తిని పెరిగినవాళ్లే. అందుకని ఈ రోజు వేరే సంగతి చెబుతాం. శరీరంలో ఏదో ఒక తేడాతో పుట్టినవాళ్లని, మధ్యలో కాలో చెయ్యో చూపో పోయినవాళ్లని మనం ఎలా చూస్తున్నాం? మన పెద్దలు ఎలా చూశారు? ఇందులో మా తప్పు కూడా ఒకటి ఉంది. ముందు అదే చెప్పేస్తాం. అది దాచుకుని మీకు నీతులు చెప్పడం బాగుండదు.

కొన్నేళ్ల కిందట మేము పనిచేసిన హాస్టల్లో ఆగస్టు 9 కార్యక్రమానికి పిల్లలకు థింసా నేర్పిస్తున్నాం. ఇరవై మంది ఆడపిల్లలు కావాలి. ఏడో తరగతి చదివే పాప ఒకర్తి అందరికంటే ముందొచ్చి వరుసలో నిలబడింది. సాలూరు వైపు కొండ మీద వాళ్ల ఊరు. ఎడమకాలు సన్నగా ఉండేది, నడిస్తే ఒక పక్కకు ఒరిగేది. పెద్ద అధికారులు వస్తున్నారు, వీడియో తీస్తారు, వరుస చెడిపోతుంది అనుకున్నాం. "నువ్వు కూర్చో అమ్మా, కాలు నొప్పెడుతుంది" అన్నాం. కాలు నొప్పెడుతుందని ఆ పిల్ల మాతో అనలేదు, ఆ మాట మేమే అన్నాం. మిగతా పిల్లలకు చీరలు సర్దే పని ఇచ్చాం. కార్యక్రమం బాగా జరిగింది. మెచ్చుకున్నారు, ఫొటోలు పేపర్లో వచ్చాయి. దసరా సెలవులకు ఇంటికి వెళ్లిన ఆ పాప తిరిగి రాలేదు.

వాకబు చేస్తే జ్వరమన్నారు ఒకరు, పెళ్లి చూపులన్నారు ఇంకొకరు. చివరికి మేమే వెళ్లాం. రోడ్డు ఉన్నంత వరకు జీపు, ఆ పైన గంటసేపు నడక. తల్లి జీడితోటలో ఉంది. మమ్మల్ని చూసి మర్యాదగానే కూర్చోమంది, నీళ్లిచ్చింది. "జబ్బేటీ లేదమ్మా. రానంటాంది" అంది. కాసేపు ఊరుకుని, "కందికొత్తల పండక్కి మా గుంట అందరితోటీ ఆడతాది కదమ్మా. మీ కాడ ఎందుకొద్దన్నారు?" అని అడిగింది.

కోపంగా అడగలేదు, తెలియక అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

కొండ దిగుతూ ఆలోచించాం. ఊళ్లో థింసా ఎలా ఉంటుందో మీకు మేము చెప్పక్కర్లేదు. ఒకరి వెనక నుంచి ఒకరు చేతులు పట్టుకుంటారు. అడుగు తడబడినవాళ్లను పక్కవాళ్ల చేతులు ఆపుతాయి. ముసలమ్మ వచ్చి కలిస్తే వరుస నెమ్మదిస్తుంది, కుర్రాళ్లు కలిస్తే జోరందుకుంటుంది. అక్కడ చూసేవాళ్లంటూ వేరే ఎవరూ ఉండరు, అందరూ ఆడేవాళ్లే. మేము హాస్టల్లో చేసిందేమిటంటే ఆ ఆటను తెచ్చి స్టేజీ ఎక్కించి, ఎదురుగా కుర్చీల్లో ఉన్నవాళ్ల కోసం వరుసను సరిచేశాం. ఆ పిల్ల కాలు ఊళ్లోనూ అదే, హాస్టల్లోనూ అదే. మారింది మేము పెట్టిన కొలత.

రెండోసారి వెళ్లాక, సంక్రాంతి దాటి ఆ పాప వచ్చింది. మూడు నెలల చదువు పోయింది, లెక్కల్లో వెనకబడింది. మరుసటి ఏడాది వరుసలో నిలబెట్టాం. కానీ మాతో మునపటిలా మాట్లాడడానికి చాలా కాలం పట్టింది. పిల్లలు మర్చిపోతారని మనం అనుకుంటాం. వాళ్లు మర్చిపోరు.

అలాగని పాత రోజుల్లో, మన కొండల్లో అంతా బాగుండేదని మేము చెప్పడం లేదు. పండగ వరుసలో చోటిచ్చిన ఊరే మిగతా రోజుల్లో మాటలతో పొడిచింది. పై పెదవి చీలి పుట్టిన బిడ్డను ఏమంటాం? గ్రహణం మొర్రి అంటాం. ఆ పేరులోనే నింద ఉంది. కడుపుతో ఉన్న తల్లి గ్రహణం వేళ కదిలింది, కత్తి పట్టింది, అందుకే బిడ్డ ఇలా పుట్టింది అని. బిడ్డకు పెదవి చీలితే తల్లికి గుండె చీల్చేవారు. ఎజ్జోడి దగ్గరకు పరుగులు, కోళ్లు, మేకలు, అప్పులు. నిజానికి కడుపులో రెండో నెలలో బిడ్డ ముఖం రెండు పక్కల నుంచి ఏర్పడుతూ వచ్చి మధ్యలో కలుస్తుంది. ఆ కలవడం పూర్తి కాకపోతే చీలిక మిగిలిపోతుంది. అది గ్రహణం పని కాదు, తల్లి తప్పు అసలే కాదు. పెదవి చీలికకు మూడు నుంచి ఆరు నెలల వయసులో ఆపరేషన్ చేస్తారు, అంగిలి చీలికకు ఏడాది అటూఇటూగా చేస్తారు.

వంకర పాదం సంగతీ అంతే. పుట్టిన కొద్ది రోజుల్లో తీసుకెళితే వారం వారం పట్టీ మారుస్తూ పాదాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతారు. ఆ తరువాత మడమ దగ్గర చిన్న కోత అవసరం కావచ్చు. పైన కొన్నేళ్లు రాత్రిళ్లు ప్రత్యేకమైన బూట్లు వేస్తారు. చాలామంది పిల్లలు మామూలుగా నడుస్తారు. పదేళ్లు దాటాక తెస్తే అదే పని చాలా కష్టం. "దేవుడిచ్చింది" అని ఇంట్లో కూర్చోబెట్టిన ప్రతి ఏడాదీ ఆ బిడ్డ దగ్గర నుంచి మనం తీసేసుకున్న ఏడాదే. పిల్లల ఆరోగ్య పరీక్షలకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వస్తాయి. అవి వచ్చిన రోజున మన ఊళ్లో పిల్లల్ని దాచకుండా చూపించడం మన పని.

అన్నిటికంటే దారుణంగా చూసింది కుష్ఠు వచ్చినవాళ్లను. మన ప్రాంతంలో ఒకప్పుడు ఆ జబ్బు ఎక్కువగా ఉండేది. సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి అంటే మన తాతలకు, అమ్మమ్మలకు బాగా తెలుసు. జబ్బు వచ్చినవాడికి ఊరి బయట పాక వేసేవారు. కూడు దూరం నుంచి పెట్టేవారు. వేళ్లు వంకరపోయిన తరువాత జబ్బు నయమైనా ఊళ్లోకి రానిచ్చేవారు కాదు. ఊరే కాదు, చట్టం కూడా అలాగే ఉండేది. 1898లో తెల్లదొరల ప్రభుత్వం చేసిన చట్టం ప్రకారం కుష్ఠు ఉన్న బీదవాణ్ని పోలీసులు వారెంటు లేకుండా పట్టుకుని వేరే ఉంచొచ్చు. జబ్బు చేసినవాణ్ని దొంగను పట్టుకున్నట్టు పట్టుకోవడం అన్నమాట. స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్లయినా ఆ చట్టం పుస్తకాల్లో అలాగే ఉండి, 2016లో గానీ పూర్తిగా రద్దు కాలేదు. భార్యకో భర్తకో కుష్ఠు ఉందని విడాకులు అడిగే వీలును తీసేసింది 2019లో. మన పక్క ఒడిశాలో కుష్ఠు ఉందన్న కారణంతో ఒక మునిసిపల్ కౌన్సిలర్ పదవి పోతే, ఆ నిబంధన సరైనదేనని 2008లో సుప్రీంకోర్టు కూడా అన్నది. అప్పటికి ఆ జబ్బుకు మందు ఉంది. 1980ల నుంచే రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స దేశంలోకి వచ్చింది. ఆరు నెలలు లేదా ఏడాది ఉచితంగా మింగితే నయమవుతుంది. మందు మొదలెట్టిన కొద్ది రోజులకే ఇంకొకరికి అంటించే శక్తి పోతుంది. జబ్బుకు మందు వచ్చి ఇన్నేళ్లయింది, మనలో ఉన్న భయానికే ఇంకా మందు రాలేదు.

చట్టం ఇప్పుడు మారింది. 1995లో వచ్చిన చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది, ఉద్యోగాల్లో 3 శాతం ఇచ్చింది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. పొట్టిగా ఉండిపోయినవాళ్లు, కుష్ఠు నయమైనవాళ్లు, యాసిడ్ దాడికి గురైనవాళ్లు కూడా అందులో ఉన్నారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ప్రభుత్వ ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు ఇవ్వాలి. 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచితంగా చదివించాలి. ఇంకో మాట బాగా వినండి తమ్ముళ్లూ. వైకల్యం ఉన్న మనిషిని నలుగురిలో కావాలని అవమానించినా బెదిరించినా ఆ చట్టంలోని 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. సంతలో ఒకరి నడకను వెనక నుంచి ఫోన్లో తీసి, పాట కలిపి నవ్వులకు పెట్టే రీల్స్ మేమూ చూస్తున్నాం. అవి తీసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చట్టం మారినా మన నోరు మారలేదు. మన భాషలో చూడండి. పనికిరాని కారణాన్ని కుంటిసాకు అంటాం. ఆలోచన లేని నమ్మకాన్ని గుడ్డినమ్మకం అంటాం. చెబితే ఎక్కనివాడికి చెప్పడాన్ని చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటాం. ఈ చివరి సామెత విన్నప్పుడల్లా మాకు ఒక మనిషి గుర్తొస్తారు.

ఆయన పేరు గిడుగు వెంకట రామ్మూర్తి. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేశారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాషకు పుస్తకం లేదు, బడి లేదు. ఆ భాషను ఒక భాషగా లెక్కపెట్టినవాళ్లే లేరు. ఆయన సవర నేర్చుకున్నారు. సవర పిల్లలకు పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. ఇదంతా కుర్చీలో కూర్చుని చేసిన పని కాదు. మలేరియా రాజ్యమేలే కొండల్లో తిరిగారు, చలిజ్వరం పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. 1940లో కన్నుమూసేదాకా చెవుడుతోనే బతికారు. వాడుక భాష కోసం పండితులతో చేసిన పెద్ద పోరాటం కూడా ఆ చెవుడుతోనే చేశారు. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం.

మన భాష వినడానికి వచ్చి వినికిడి పోగొట్టుకున్న మనిషి ఆయన. చెవులు బాగున్న లక్షల మంది మన మాట వినలేదు. ఇప్పుడు చెప్పండి, చెవిటివాళ్లు ఎవరు?

ఇక్కడ మేము మీ ముందు పెట్టదలచిన అసలు మాట ఉంది. గిడుగు గారిని చెవిటి రామ్మూర్తి అని మనం ఎప్పుడైనా అన్నామా? మీలో చాలామందికి ఆయనకు చెవుడు ఉన్న సంగతే ఇప్పటిదాకా తెలియదు. ఆయన పని తెలుసు. అదే మన ఊళ్లో కాలు బాగోలేని మనిషి ఉంటే, ఆయన మేకలకు మందు వేయగలడని, బుట్టలు బాగా అల్లుతాడని, పాతిక పాటలు నోటికొచ్చని మనకు తెలియదు. కాలు తెలుసు. ఆ కాలునే పేరుగా పెట్టి పిలుస్తాం. ఒకరికి పని ముందు కనపడింది, ఇంకొకరికి కాలు ముందు కనపడింది. తేడా చూసే మన కళ్లలో ఉంది.

అయితే గొప్ప పని చేసినవాళ్లనే గౌరవించాలా? ఈ ప్రశ్న కూడా వేసుకోవాలి. మచిలీపట్నం దగ్గర పల్లెలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ గారి మీద 2024లో సినిమా వచ్చింది, మా పిల్లలకు చూపించాం. పుట్టుకతో చూపు లేదు. పది తరువాత సైన్సు చదవనివ్వమంటే కోర్టుకు వెళ్లి సీటు తెచ్చుకున్నారు. అమెరికాలో ఎంఐటీలో చదివి వచ్చి కంపెనీ పెట్టారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. తరువాత ఒక పిల్ల అడిగింది, "మేడమ్, అంత తెలివి లేకపోతే సైన్సు చదవకూడదా?" అని. మామూలు తెలివి ఉన్న కళ్లున్న పిల్లవాడు సైన్సు తీసుకుంటే ఎవరూ అడ్డు చెప్పరు. మామూలు తెలివి ఉన్న చూపులేని పిల్లవాడికీ అదే ఉండాలి. విజయాలు చూసి చప్పట్లు కొట్టడం తేలిక. ఏ విజయమూ లేని మన పక్కింటి మనిషిని పేరు పెట్టి పిలవడమే కష్టమైన పని.

కంటికి కనపడని తేడాలూ ఉన్నాయి. సికిల్ సెల్ జబ్బు మన గిరిజనుల్లో ఎక్కువ. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. కీళ్లలో, ఎముకల్లో భరించలేని నొప్పి, నీరసం. పైకి చూస్తే మనిషి బాగానే ఉంటాడు. అందుకే మనం ఏమంటాం? పనిదొంగ అంటాం. ఇది కూడా 2016 చట్టంలోని 21లో ఒకటి. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ లక్షణం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. 2023 జూలైలో దేశమంతటా దీని నిర్మూలన కార్యక్రమం మొదలైంది. పెళ్లికి ముందే రక్తపరీక్ష చేయించుకోండి. పరీక్షలో ఏదైనా తేలితే ఆ పిల్లనో పిల్లవాణ్నో వెలివేయడానికి మాత్రం దాన్ని వాడకండి. అలా వాడితే పాత కుష్ఠు పాకను మళ్లీ మనమే కట్టినట్టు.

ఇంకొక్క సంగతి. "ఇది మనకు సంబంధించింది కాదు" అని ఎవరైనా అనుకుంటుంటే వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారిని తలుచుకోండి. కలియుగ భీముడని పేరు తెచ్చుకున్న మల్లయోధుడు. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న మనిషి. అంతటి ఆయనకు కూడా చివరి రోజుల్లో కాలికి పుండు లేచి కాలు తీయాల్సి వచ్చింది. జీడిచెట్టు మీద నుంచి పడితే, బైకు బోల్తా పడితే, పాము కరిస్తే, షుగరు ముదిరితే, వయసు మీద పడితే మనలో ఎవరైనా రేపు ఆ వరుసలోకి వెళ్లేవాళ్లమే.

మరి యువత ఏం చేయాలి? పెద్ద పనులు అడగడం లేదు.

మొదటిది, పేరు. ఇవాళ్టి నుంచి మీ ఊళ్లో ఎవరినీ కాలుతో, కంటితో, నత్తితో పిలవకండి. వాళ్లకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఉంది, మీకు వరుస ఉంది. మామా అనండి, అత్తా అనండి, అన్నా అనండి.

రెండోది, కాగితం. సదరం ధ్రువపత్రం లేకపోతే పింఛను లేదు, రిజర్వేషన్ లేదు, బస్సు రాయితీ లేదు. వైకల్యం 40 శాతం, ఆపైన అని డాక్టర్లు తేల్చాలి. 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 3,000 నుంచి 6,000 రూపాయలు అయింది. పూర్తిగా మంచాన పడ్డవాళ్లకు 15,000. కొండ మీద ఉన్న మనిషికి ఆ శిబిరానికి రావడమే గండం. సచివాలయంలో స్లాటు తీసుకోవాలి, ఆ రోజుకు కిందికి దిగాలి, డోలీ కట్టాలి. ఫోను వాడడం వచ్చిన మీరు స్లాటు తీయండి. భుజం ఉన్న మీరు డోలీకి భుజం ఇవ్వండి. ఆ డోలీ అవసరం లేకుండా రోడ్డు వేయమని గ్రామసభలో లేచి అడగండి. ఊరికి రోడ్డు లేకపోతే అందరికీ ఇబ్బందే. కానీ నడవలేనివాడికి అది జైలు.

మూడోది, బడి. మీ ఊళ్లో "ఆ పిల్లకు చదువెందుకు, ఆ కాలుతో ఎక్కడికెళ్తాది" అని ఇంట్లో ఉంచేసిన బిడ్డ ఉంటే మాకు చెప్పండి. హాస్టల్లో బాత్రూముకు పట్టుకునే కడ్డీ లేదా? మెట్ల పక్కన వాలుదారి లేదా? అడగండి, మమ్మల్నే అడగండి. అడిగేవాళ్లు లేక మేమూ ఏళ్ల తరబడి పట్టించుకోలేదు. పరీక్షల్లో రాయలేనివాళ్లకు రాసిపెట్టే మనిషిని ఇస్తారు, అదనపు సమయం ఇస్తారు. అది జాలి కాదు, హక్కు.

నాలుగోది, అడగడం. ఇది మేము ఆ తల్లి దగ్గర నేర్చుకున్నాం. "నీకు నొప్పెడుతుంది, నువ్వు చేయలేవు, నువ్వు కూర్చో" అని వాళ్ల తరఫున మనం నిర్ణయం చేసేస్తాం, పైగా దాన్ని దయ అనుకుంటాం. ముందు వాళ్లను అడగాలి. వాళ్లు చెప్పింది వినాలి.

ఆ పాప ఇప్పుడు పెద్దదైంది. ఎక్కడ ఉంది, ఏం చేస్తోంది అన్నది ఇక్కడ చెప్పం. ఆమె ఏదో సాధించిందని చెబితేనే మేము చేసింది తప్పని మీకు అనిపించేలా ఉండకూడదు. ఏమీ సాధించకపోయినా ఆ రోజు ఆ వరుసలో ఆమెకు చోటు ఉంది. మేము తీసేశాం. అంతే.

కాసేపట్లో ఈ మైదానంలో థింసా మొదలవుతుంది. డప్పులు కాస్తున్నారు, వేడి సెగ ఇక్కడిదాకా వస్తోంది. వరుస కట్టే ముందు ఒక్కసారి చుట్టూ చూడండి. ఎవరైనా కర్ర పక్కన పెట్టుకుని చెట్టు కింద కూర్చుని ఉంటే దగ్గరకెళ్లి పేరు పెట్టి పిలిచి, వస్తావా అని అడగండి. రానంటే సరే. వస్తానంటే చెయ్యి అందించి, వరుసను కొంచెం నెమ్మదిగా కదపండి.

జోహార్. జై ఆదివాసీ.